నీ స్క్రిప్ట్ చదివాను తల్లీ

చిరంజీవి తల్లికి, బాబాయి ఆశీస్సులు.

నీ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. బయటికి చెప్పుకోలేని ఇష్టం మీద, అదీ పాత కాలం కథతో, తొలి సినిమా తీయాలనుకున్నావు. గర్వంగా ఉంది. ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. 47వ పేజీలో నీ కథానాయిక అతనితో "నువ్వు లేకపోతే నాకు ఊపిరాడదు" అంటుంది. ఆ మాట తీసెయ్. అంత మాట అనేయగలిగిన మనిషికి లోపల అణచుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

30 ఏళ్ళు ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చున్నవాడిగా చెబుతున్నాను. ఇలాంటి కథలో ఆ ఇష్టానికి అడ్డుపడేది ఎంత స్పష్టంగా కనిపిస్తే, లోపల ఉన్నది అంత బలంగా తెలుస్తుంది. అందుకే ముందు ఆ ఇంటిని రాసుకో. ఏ తలుపు ఎప్పుడు మూస్తారు, ఎవరు ఏ గదిలోకి వెళ్ళకూడదు, ఎవరి ఎదుట ఎవరు కూర్చోకూడదు, ఉత్తరం వస్తే ముందు ఎవరి చేతిలో పడుతుంది. ఇవి తేలితే సగం సీన్లు వాటంతట అవే పుడతాయి. ఇప్పుడు నీ కథలో ఎవరు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కడికైనా వెళ్ళిపోతున్నారు. ఇక టెన్షన్ ఎక్కడినుంచి వస్తుంది?

'చారులత' మళ్ళీ ఒకసారి చూడు. సత్యజిత్ రాయ్ 1964లో తీశాడు, కథ 1879 నాటి కలకత్తాలో జరుగుతుంది. మొదటి కొన్ని నిమిషాలు దాదాపు మాటలే ఉండవు. చారు భర్త కోసం రుమాలు మీద అతని పేరులోని మొదటి అక్షరం కుడుతుంది. తర్వాత ఒపేరా గ్లాసులు, అంటే కళ్ళ దగ్గర పెట్టుకుని చూసే చిన్న దుర్భిణి, తీసుకుని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరుగుతూ వీధిలో పోయేవాళ్ళను చూస్తుంది. ఇంతలో భర్త పుస్తకంలో తలదూర్చి ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళిపోతాడు. ఆమె అక్కడ ఉన్నట్టే అతనికి తెలియదు. అప్పుడామె అవే అద్దాలు కళ్ళకు పెట్టుకుని, దూరమవుతున్న అతన్ని చూస్తుంది. సొంత ఇంట్లో, రెండడుగుల దూరంలో ఉన్న మొగుణ్ణి! నువ్వు మూడు పేజీల సంభాషణలో చెప్పింది అక్కడ ఒక్క వస్తువు చెప్పేసింది. నీ కథలో అలాంటి వస్తువేదో వెతుక్కో.

బట్టల విషయం చివరికి వదిలేయకు. రిహార్సల్స్ మొదటి రోజు నుంచే నటులకు ఆ కాలపు దుస్తులు పూర్తిగా తొడుగు. వాటిలో ఎలా కూర్చోవాలో, ఎంత గాలి పీల్చగలరో ఒళ్ళే నేర్చుకుంటుంది. జేన్ క్యాంపియన్ 1993లో తీసిన 'ద పియానో'లో కథానాయిక మేజోడుకి చిన్న చిల్లు ఉంటుంది. ఆమెను కోరుకునే మనిషి ఆ చిల్లులోంచి కనిపించే చర్మం మీద వేలు పెడతాడు. ఒంటినిండా అన్ని పొరల బట్ట ఉండబట్టే ఆ కాస్త చోటుకి అంత విలువ వచ్చింది.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళయినా మనసులోంచి పోలేదు. ఒక సినిమాలో ఇద్దరు కలిసి దుప్పటి మడతపెట్టే షాటు ఉండేది. చెరో కొస పట్టుకుని మడత పెట్టేకొద్దీ దగ్గరవుతారు. ఆఖరి మడతకి వేళ్ళు తగలబోతుంటే ఆమె దుప్పటి లాక్కుని అల్మారా వైపు తిరుగుతుంది. 22 సెకన్లు. నిర్మాత ల్యాగ్ అన్నాడు. నేను భయపడి 8 సెకన్లకు కోశాను. హాల్లో ఎవరికీ ఏమీ అనిపించలేదు. తెర మీద దుప్పటి మడతపడింది, అంతే. నీకూ ఆ మాట ఎవరో ఒకరు అంటారు. అప్పుడు వెంటనే కత్తెర తీయకు. కథ తెలియని నలుగురికి ఆ సీను చూపించి, వాళ్ళ మొహాలు గమనించు.

వాళ్ళిద్దరూ దగ్గరయ్యే సీన్లలో వయొలిన్ పెట్టించకు. బట్ట రాసుకునే చప్పుడు, గడియారం, పక్క గదిలో ఎవరో దగ్గడం, వీటిని సెట్‌లోనే విడిగా రికార్డ్ చేయించు. తర్వాత దొరకవు. అన్నట్టు, నీ కథానాయికను ఒక్కసారైనా గట్టిగా నవ్వనివ్వు. పాత కాలం వాళ్ళూ నవ్వేవాళ్ళే. మొదటి నుంచీ మబ్బు పట్టినట్టే ఉంటే ఆమె ఏం పోగొట్టుకుందో మనకెలా తెలుస్తుంది?

47వ పేజీ మళ్ళీ రాసి పంపు. ఆ క్షణంలో ఆమె చేతిలో ఏముందో, ఇంట్లో ఇంకెవరు మేలుకుని ఉన్నారో రాయి. షూటింగ్ తేదీ ఖాయమయ్యేలోపు చదివి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
బాబాయి