అత్తమామలు, పిల్లలు కలిసి చూడగల పాత క్రిస్మస్ టీవీ కార్టూన్లు ఏవి?

మీకు నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు ఉన్నారనీ, ఈ డిసెంబరుకు అత్తగారూ మామగారూ ఊరి నుంచి వస్తున్నారనీ, వాళ్లకు ఇంగ్లిషు అంతగా రాదనీ రాశారు. సూటిగా చెబుతాను. మొదట ‘ద స్నోమాన్’ పెట్టండి. మర్నాడు ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ పెట్టండి. తక్కినవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మాది ఒంగోలు. ఇప్పుడు అట్లాంటా శివార్లలో ఉంటున్నాం. మా పిల్లలు ఇక్కడే పెరిగారు, అమ్మ చలికాలంలో వచ్చి మాతో ఉంటుంది. కింద చెప్పేవన్నీ మూడు తరాలవాళ్లం ఒకే గదిలో కూర్చుని చూసినవే.

‘ద స్నోమాన్’ బ్రిటన్‌లో తీసిన చిత్రం. రేమండ్ బ్రిగ్స్ 1978లో వేసిన బొమ్మల పుస్తకం దీనికి ఆధారం. 1982 డిసెంబరు 26న ఛానల్ 4లో మొదటిసారి వచ్చింది. ఇరవై ఆరు నిమిషాలు ఉంటుంది. అసలు కథ మొదలయ్యాక అందులో మాటలే లేవు, మధ్యలో ఒక పాట మాత్రం ఉంది. ఆ పాటను హోవర్డ్ బ్లేక్ కూర్చారు, పీటర్ ఆటీ అనే చర్చి గాయకబృందపు బాలుడు పాడాడు. చాలామంది అది ఆలెడ్ జోన్స్ గొంతు అనుకుంటారు కానీ, ఆయన రికార్డు 1985లో వచ్చింది. మాటలు లేకపోవడం వల్ల మా ఇంట్లో ఒక మంచి పని జరిగింది. అమ్మే కథ చెప్పడం మొదలుపెట్టింది. ‘అదిగో, పిల్లాడు మెల్లగా లేచాడు. తలుపు తీస్తున్నాడు. ఆ మంచు మనిషి టోపీ తీసి దండం పెడుతున్నాడు చూడు’ అంటూ మా చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చివరిదాకా చెప్పింది. గ్లాసులో ఉన్న కట్టుడు పళ్లను మంచు మనిషి తీసి పెట్టుకునే చోట అందరికంటే ఎక్కువ నవ్వింది కూడా అమ్మే. ఇంగ్లిషు కార్టూన్ల ముందు మౌనంగా కూర్చునే అమ్మమ్మ ఆ అరగంట పిల్లలకు కథ చెప్పే మనిషి అయింది. మీ అత్తగారికీ ఈ అవకాశం ఇవ్వండి.

ముగింపు గురించి మాత్రం ముందే తెలుసుకోండి. తెల్లవారేసరికి మంచు మనిషి కరిగిపోయి ఉంటాడు. మీ పాప ఏడవవచ్చు. అందుకని ఆ చోట టీవీ కట్టేయకండి, పక్కన కూర్చోండి చాలు. పాత చిత్రాలను నేను ఇంత ఇష్టపడేది ఇందుకే. పిల్లలకు దిగులు ఉంటుందని అవి ఒప్పుకుంటాయి, ఆ దిగులును పాటతోనో పరుగులతోనో కప్పిపుచ్చవు.

చార్లీ బ్రౌన్ మొదలయ్యేదే దిగులుతో. పండుగ వచ్చింది, అందరూ సంతోషంగా ఉన్నారు, నాకెందుకు సంతోషం కలగడం లేదు అని ఒక పిల్లవాడు తన స్నేహితుణ్ణి అడుగుతాడు. పిల్లల కార్యక్రమాన్ని ఇలా మొదలుపెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. 1965 డిసెంబరు 9న అమెరికా టీవీ చానెల్ సీబీఎస్‌లో వచ్చింది. పాత్రలను సృష్టించిన చార్ల్స్ షుల్జ్ కథ రాశారు, బిల్ మెలెండెజ్ దర్శకుడు, లీ మెండెల్సన్ నిర్మాత. పిల్లల పాత్రలకు పిల్లలచేతే మాట్లాడించారు. శాలీ పాత్రకు గొంతు ఇచ్చిన పాపకు అప్పటికి చదవడం రాదు, ఒక్కో మాట చెప్పి అనిపించుకున్నారు. ఆ తడబాటు తెర మీద వినిపిస్తుంది, ఎంతో ముద్దుగా ఉంటుంది. విన్స్ గ్వరాల్డి జాజ్ సంగీతం ఇచ్చారు. ఆ కాలపు కార్టూన్లలో ఉండే నకిలీ నవ్వుల శబ్దం వద్దని షుల్జ్ పట్టుబట్టారు. ముందుగా చూసిన చానెల్ పెద్దలకు నడక మందకొడిగా ఉందనిపించింది, సంగీతం నచ్చలేదు, బైబిలు వాక్యాలు వద్దనిపించాయి. తీరా ప్రసారమయ్యాక అమెరికాలో దాదాపు కోటిన్నర ఇళ్లలో చూశారు. దానికి ఎమ్మీ, పీబడీ పురస్కారాలు రెండూ వచ్చాయి.

ఆ వాక్యాలు లూకా సువార్త రెండో అధ్యాయంలోవి. క్రిస్మస్ అంటే అసలు ఏమిటో ఎవరికీ తెలియదా అని చార్లీ అరిస్తే, లైనస్ అనే పిల్లవాడు రంగస్థలం మధ్యకు నడిచి, దీపాలు తగ్గించమని, గొర్రెల కాపరుల ఘట్టం కంఠస్థంగా చెబుతాడు. ఎప్పుడూ చేతిలోంచి వదలని దుప్పటిని, భయపడవద్దని దేవదూత చెప్పే చోట వదిలేస్తాడు. బొమ్మలో ఆ చిన్న మార్పు చూడమని మీ బాబుకు ముందుగా చెప్పకండి, తనే కనిపెడతాడు. మా అమ్మ సండే స్కూలులో ఆ వచనాలను తెలుగు బైబిలు నుంచి నేర్చుకుంది. లైనస్ ఇంగ్లిషులో చెబుతుంటే ఆమె తెలుగులో చెబుతూ పోయింది. మీరు క్రైస్తవులు కాకపోయినా ఫరవాలేదు. మా పక్కింటి తెలుగువాళ్లు క్రైస్తవులు కాకపోయినా, వాళ్ల పిల్లలు ఏటా మా ఇంటికి వచ్చి దీన్ని చూస్తారు. ఎవరికీ వద్దనిపించిన వాడిపోయిన చిన్న చెట్టును ఒక పిల్లవాడు ఎంచుకుని ఇంటికి తెచ్చుకోవడం ఏ మతం పిల్లలకైనా అర్థమయ్యే కథ.

మీ తొమ్మిదేళ్ల బాబుకు అన్నిటికంటే నచ్చేది బహుశా ‘రుడాల్ఫ్’. శాంటా బండిని లాగే రెయిన్‌డీర్ అనే జింకల్లో ఒకదాని కథ ఇది. 1964 డిసెంబరు 6న మరో అమెరికా చానెల్ ఎన్‌బీసీలో మొదటిసారి వచ్చింది. ప్రకటనల విరామాలతో గంట కార్యక్రమం, తీసేస్తే యాభై నిమిషాల పైచిలుకు. గీసిన బొమ్మలు కావు, నిజమైన బొమ్మలను వెంట్రుకవాసి కదిలిస్తూ ఒక్కో ఫొటో తీసి కూర్చిన చిత్రం. నిర్మాతలు ర్యాంకిన్, బాస్ అమెరికావాళ్లు, ఆ బొమ్మలను కదిలించింది మాత్రం టోక్యోలో తదాహితో మోచినాగా బృందం. షూటింగులో వాడిన రుడాల్ఫ్, శాంటా బొమ్మలు 2020లో వేలంలో 3,68,000 డాలర్లకు అమ్ముడయ్యాయి. కొన్నవారు వాటిని అట్లాంటాలోని సెంటర్ ఫర్ పపెట్రీ ఆర్ట్స్‌కు ఇచ్చారు. రుడాల్ఫ్ బొమ్మ ఎత్తు ఆరంగుళాలే. మీరు ఎప్పుడైనా ఇటు వస్తే పిల్లలకు చూపించండి.

ఎర్ర ముక్కు ఉందని రుడాల్ఫ్‌ను స్నేహితులు వెక్కిరిస్తారు, తండ్రే ఆ ముక్కును దాచిపెడతాడు, శాంటా కూడా మొదట్లో ఏమంత మంచిగా ప్రవర్తించడు. ఇది చూసి మా పెద్దవాడికి కోపం వచ్చింది. రావాలి కూడా. లోపాలున్న బొమ్మలన్నీ ఒక దీవిలో, తమను ఎవరైనా కోరుకుంటారేమోనని ఎదురుచూస్తూ ఉంటాయి. 1964 ప్రసారంలో వాటిని శాంటా వచ్చి తీసుకువెళ్లే దృశ్యం లేదు. బొమ్మలను అలా వదిలేశారని చూసినవాళ్లు ఉత్తరాలు రాశారు. మరుసటి ఏడాది ఆ దృశ్యం చేర్చారు. ప్రేక్షకులు ఊరుకోకపోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. మంచు రాక్షసుడు కనిపించినప్పుడు నాలుగేళ్ల పాప జడుసుకునే వీలుంది, చివరికి వాడు మంచివాడవుతాడని ముందే చెప్పేయండి.

‘హౌ ద గ్రించ్ స్టోల్ క్రిస్మస్’ చూస్తే 1966 నాటిదే చూడండి, తర్వాతి సినిమాలు వద్దు. పండుగంటే గిట్టని గ్రించ్ అనేవాడు కొండ దిగి వచ్చి ఊరివాళ్ల కానుకలన్నీ దొంగిలించే కథ ఇది. డాక్టర్ సూస్ రాసిన పిల్లల పుస్తకాన్ని చక్ జోన్స్ ఇరవై ఆరు నిమిషాల్లో తీశారు. కథ చెప్పే గొంతు బోరిస్ కార్లాఫ్‌ది, 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడిగా నటించిన ఆయనే. ఇంగ్లిషు రాని పెద్దలకు ప్రాసల వ్యాఖ్యానం అందదు. కానీ కొండ దిగే దృశ్యంలో గ్రించ్ పెంచుకునే మ్యాక్స్ అనే కుక్క పడే అవస్థకు భాష అక్కరలేదు, మా నాన్న ఆ భాగం మళ్లీ పెట్టమనేవారు. కానుకలన్నీ పోయినా ఊరి జనం చేతులు పట్టుకుని పాడే చోటు దగ్గర కాసేపు ఆపి, వాళ్లు ఎందుకు ఏడవలేదో మీ బాబును అడగండి.

మరో మంచు మనిషి కథ ‘ఫ్రాస్టీ’ 1969 నాటిది. చిన్నపిల్లలు ఇష్టపడతారు. నాకు మాత్రం పైవాటి స్థాయిలో అనిపించదు, వానపడి బయటికి వెళ్లలేని రోజుకు దాచుకోండి.

ఎక్కడ దొరుకుతాయో కూడా చెబుతాను. చార్లీ బ్రౌన్ 2020 నుంచి ఆపిల్ టీవీ సేవలో ఉంది. గత కొన్నేళ్లలో డిసెంబరులో ఒక వారాంతం ఉచితంగా చూపించారు కాబట్టి నెల మొదట్లోనే తేదీ చూసుకోండి. రుడాల్ఫ్ ఎన్నో దశాబ్దాలు సీబీఎస్‌లో ఉండి, 2024లో మళ్లీ ఎన్‌బీసీకి వచ్చింది. టీవీలో వేసేటప్పుడు ప్రకటనల కోసం కొన్ని ముక్కలు కత్తిరిస్తుంటారు, అందుకని దాన్ని డిస్కు కొనుక్కోవడమే మేలు. చాలా గ్రంథాలయాల్లో అన్నీ దొరుకుతాయి. కానీ డిసెంబరు రెండో వారానికే ఎవరో ఒకరు తీసుకుపోతారు. నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ సెలవులు అవగానే వెళ్లి తెచ్చుకోండి.