థెరపీ మధ్యలో దారి మార్చడం తప్పా?

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. భయంతో స్కూలుకు వెళ్లడం లేదు. సీబీటీ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స) ఆరు సెషన్లు అయింది. ఈమధ్య కోపం, వస్తువులు విసరడం ఎక్కువైంది. భయం సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు మాతో పని చేస్తానని థెరపిస్ట్ అంటున్నారు. మా బిడ్డ మీద ప్రయోగాలు చేస్తున్నారా?

జవాబు: మధ్యలో మార్చడం తప్పు కాదు. ఏం చూసి మార్చారన్నదే అడగాలి.

ఒక్క సమస్య కోసం రాసిన మాన్యువల్ (థెరపిస్ట్ వరసగా అనుసరించే చికిత్స పుస్తకం), రెండో సమస్య తలెత్తగానే చిక్కుల్లో పడుతుంది. అందుకే అలాంటి మాన్యువళ్లలోని పద్ధతులను 33 మాడ్యూళ్లుగా, అంటే విడి భాగాలుగా విడదీసి, అవసరాన్నిబట్టి వాడే విధానాన్ని అమెరికాలో 7–13 ఏళ్ల 174 మంది పిల్లలపై పరీక్షించారు. 2012లో వెలువడిన ఫలితాల్లో మామూలు చికిత్స కన్నా, మాన్యువల్‌ను వరసగా అనుసరించడం కన్నా ఇదే మెరుగ్గా పనిచేసింది. తర్వాతి అధ్యయనాలన్నింట్లో ఇంత తేడా రాలేదు కాబట్టి, ఈ విధానం వాడుతున్నారనగానే మురిసిపోనక్కర్లేదు.

మీ విషయంలో తేల్చుకోవాల్సింది కోపం ఎప్పుడొస్తోందన్నది. ఒక వారం పాటు సమయం, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత మీరేం చేశారు అన్నవి రాయండి. స్కూలుకు బయల్దేరే వేళలోనే వస్తుంటే అది చాలావరకు భయమే. అప్పుడు భయం పని ఆపితే ‘విసిరితే తప్పించుకోవచ్చు’ అని బాబు నేర్చుకుంటాడు. ఆపకుండా మెట్టు చిన్నది చేయాలి: తరగతిలో కూర్చోవడం కష్టమైతే ముందు గేటు దాకా, మర్నాడు వరండా దాకా. టీవీ ఆపమన్నా, హోంవర్క్ అన్నా కూడా వస్తుంటే థెరపిస్ట్ మాట సబబే. రోజూ పది పదిహేను నిమిషాలు వాడితో ఆట, మంచి పనిని వెంటనే పేరుపెట్టి మెచ్చుకోవడం, ఒకసారి ఒకే సూచన ఇవ్వడం లాంటివి మీకు నేర్పుతారు.

మిమ్మల్ని బాగా వేధిస్తున్న మూడు సమస్యలకు వారం వారం 0–10 మార్కులు వేయండి. బాబు చేత విడిగా వేయించండి. పిల్లల మార్కులు, పెద్దల మార్కులు కలవకపోవడం మామూలే. మూడు నాలుగు వారాలైనా అంకెలు కదలకపోతే ఆ కాగితం ముందు పెట్టి మాట్లాడండి. భయం పనికి మళ్లీ ఎప్పుడొస్తారో ఇప్పుడే అడిగి తేదీ రాసుకోండి. ఎక్కువగా తప్పిపోయేది అక్కడే.

చచ్చిపోతానన్నా, తనను తాను గాయపరచుకున్నా తర్వాతి సెషన్ దాకా ఆగకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి.