చట్టం రద్దయితే తాతగారి ప్లీడరు సనదు కూడా పోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ తాతగారు సెకండ్ గ్రేడ్ ప్లీడరు, అంటే పాతకాలపు రెండో తరగతి న్యాయవాది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం కింద సనదు (ప్రాక్టీసుకు అనుమతి పత్రం) పొందారు. ఆ చట్టాన్ని 2023 నాటి సవరణ చట్టంతో రద్దు చేశారు కాబట్టి ఆయన 1971లో దాఖలు చేసిన దావా కాగితాలు చెల్లవని ఎదుటి పక్షం అంటోంది. కంగారు పడకండి, ఆ వాదన నిలవదు.

సరిగ్గా ఇదే వాదన నాకూ ఎదురైంది. అది 1972 నాటి ఆస్తి పంపకాల దావా. ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రాథమిక డిక్రీ వచ్చాక అన్నదమ్ములు ఎవరి వాటా వారు సాగు చేసుకుంటూ ఊరుకున్నారు. నిరుడు మనవలు ఆ వాటాలను విడదీసి ఇచ్చే తుది డిక్రీ కావాలని నా దగ్గరకు వచ్చారు. రికార్డు గదిలోంచి తెచ్చిన కట్ట విప్పితే వకాలత్నామా (ప్లీడరుకు అధికారమిచ్చే కాగితం) మడతల దగ్గర పొడిపొడిగా రాలుతోంది, ప్లీడరుగారి సంతకం మాత్రం నల్లసిరాతో నిక్షేపంగా ఉంది. ఎదుటి పక్షం ఆ సంతకం మీదే పడింది.

నేను కేంద్ర చట్టాలన్నిటికీ వర్తించే సాధారణ సూత్రాలు చెప్పే జనరల్ క్లాజెస్ చట్టం ఆరో సెక్షన్ పట్టుకుని కౌంటరు రాశాను. చట్టం రద్దయినా దాని కింద అప్పటికే జరిగిన పనులకు, వచ్చిన హక్కులకు భంగం ఉండదని ఆ సెక్షన్ చెబుతుంది. మా సీనియర్‌గారు మొదటి పేరా చదివి కాగితం పక్కన పెట్టేశారు. "ఇల్లు కూల్చినవాడు లోపల ఉన్నవాళ్లను ఎక్కడ ఉండమన్నాడో ముందు అది చూడవయ్యా" అన్నారు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం తీసి 55వ సెక్షన్ పైకి చదవమన్నారు.

అందులో అంతా ఉంది. ప్రాక్టీసు హక్కు గురించిన నాలుగో అధ్యాయం అమల్లోకి వచ్చే నాటికి ప్రాక్టీసులో ఉండి, అడ్వకేటుగా నమోదు కావడానికి ఇష్టపడని లేదా అర్హత లేని ప్లీడర్లు, వకీళ్లు, ముక్తార్లు, రెవెన్యూ ఏజెంట్లు అనే పాత తరహా న్యాయవాదులు తమ పాత హక్కులతోనే కొనసాగవచ్చు. వారి విషయంలో పాత చట్టాలు రద్దు కానట్లే వర్తిస్తాయి. నేను పత్రికల్లో వచ్చిన 2023 రద్దు వార్త చూసి కంగారుపడ్డాను కానీ 1879 చట్టంలో ప్లీడర్లకు సంబంధించిన భాగాలు అడ్వకేట్స్ చట్టం 50వ సెక్షన్ ప్రకారం విడతలవారీగా ఎప్పుడో పోయాయి. ఆ తర్వాత మిగిలినవి 1, 3, 36 సెక్షన్లే. మూడోది నిర్వచనాలు, ముప్పై ఆరోది కోర్టు ఆవరణలో కక్షిదారులను పట్టితెచ్చే దళారులది. అది ఇప్పుడు అడ్వకేట్స్ చట్టంలో 45ఏ సెక్షన్‌గా కూర్చుంది. శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా అయిదు వందల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ రోజుల్లో అయిదు వందలకు ఏ దళారి భయపడతాడో నాకు తెలియదు. ఏమైనా, మీ తాతగారికి ఆ సెక్షన్‌తో పనే లేదు.

సెకండ్ గ్రేడ్ అన్నంత మాత్రాన చిన్నచూపు చూడనక్కర్లేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు కూడా బారిస్టరు కాకముందు రాజమహేంద్రవరంలో సెకండ్ గ్రేడ్ ప్లీడరే.

మరో మాట. మహిళలు న్యాయవాదులు కావడానికి అడ్డు తొలగించిన 1923 చట్టం కూడా అడ్వకేట్స్ చట్టంతో రద్దయింది. అంతమాత్రాన ఆ పాత అడ్డు మళ్లీ లేచి రాలేదు. రద్దు నాటికి ఉనికిలో లేనిది రద్దు వల్ల తిరిగి ప్రాణం పోసుకోదని జనరల్ క్లాజెస్ చట్టంలోని అదే ఆరో సెక్షన్ చెబుతుంది.

అయితే బార్ కౌన్సిల్ చేసిన నిబంధన ఏదైనా రద్దయిందని ఎవరైనా అంటే ఇదే జవాబు అప్పజెప్పకండి. ఆరో సెక్షన్ కాపాడేది కేంద్ర చట్టాలను, రెగ్యులేషన్లను. అక్కడ రెగ్యులేషన్ అంటే కొన్ని ప్రాంతాల కోసం శాసనం స్థాయిలో చేసినది, ఒక సంస్థ రాసుకున్న నిబంధన కాదు. కొల్హాపూర్ కేన్‌షుగర్ వర్క్స్ కేసులో 2000లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నిబంధనలకు ఆ సెక్షన్ వర్తించదని తేల్చింది. ముగిసిపోయిన వ్యవహారాలకు ఢోకా లేదు కానీ నడుస్తున్న విచారణ నిలవాలంటే కొత్త నిబంధనలోనే పాతదాన్ని కాపాడే వాక్యం ఉండాలి.

మీరు ఇప్పుడు చేయవలసింది ఒకటుంది. ప్లీడరు సర్టిఫికెట్లను ఏటా రెన్యువల్ చేయించుకోవలసి ఉండేది. మా కేసులో చివరికి న్యాయమూర్తి అడిగింది కూడా దాని గురించే. సనదు వెనుక వైపు ముద్రలు ఉంటే ఫొటోలు తీయించండి. 1971 ముద్ర కనిపించకపోతే జిల్లా కోర్టులో పాత రిజిస్టరు నకలు కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. మాకు అది చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది.