ఏటి సూతకం తీరాక దీపం

ప్రశ్న: మా అత్తగారు పక్షవాతంతో రెండేళ్లు మంచాన ఉండి, నిరుడు కార్తికంలో కాలం చేశారు. ఆవిడ మంచం పట్టిన నాటి నుంచే, రోజూ తెల్లవారుజామున నేను గంటసేపు చేసుకునే పూజ సాగలేదు. ఆవిడ పోయాక ఏటి సూతకమని పెద్దలు చెప్పడంతో ఏడాది పాటు దేవుడి గది తలుపు తెరవలేదు. సంవత్సరీకం అయిపోయింది. ఇప్పుడు తీరిక ఉన్నా కుందిలో వత్తి వేయడానికి చేయి రావడం లేదు. మూడేళ్లు దేవుడికి దూరమయ్యానన్న దిగులు ఒకటైతే, ఆవిడను అన్నాళ్లు అలా ఎందుకు బాధపెట్టాడన్న కోపం మరొకటి. నేనేం చేయాలి?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: ముందుగా సూతకం సంగతి చెప్పుకుందాం. ఇప్పుడు ఎక్కువ కుటుంబాలు పాటిస్తున్న లెక్కలో 10 రోజులతో మైల తీరుతుంది. 12వ నాడు పోయినవారిని పితృదేవతలతో కలిపే సపిండీకరణం, 13వ నాడు మళ్లీ శుభాన్ని స్వీకరించే శుభస్వీకారం జరుగుతాయి. ఆ తరువాత ఏడాది పాటు మానుకునేవి ప్రధానంగా శుభకార్యాలు, పండుగ వేడుకలు, కోరిక కోరి చేసే వ్రతాలు. నిత్య దీపారాధన వీటిలోకి రాదని చెప్పే పండితులు చాలామంది ఉన్నారు, నా అభిప్రాయమూ అదే. అయితే మీ ఇంటి ఆచారాన్ని మన్నించి మీరు తలుపు వేశారు. అందులో దోషం వెతకవలసిన పని లేదు. ఇంట్లో మనిషి పోయి, మనసుకు ఆసరా కావలసిన సమయంలోనే దీపం కూడా లేకుండా చేయడం మాత్రం నాకు ఎన్నడూ సమ్మతం కాదు. నామస్మరణకు మైల అడ్డు రాదన్న మాటనైనా ఆ పెద్దలు మీతో చెప్పి ఉండవలసింది.

ఇక మంచం పక్కన గడిచిన ఆ రెండేళ్ల గురించి. భగవద్గీత ఎనిమిదో అధ్యాయంలో శ్రీకృష్ణుడు ‘అన్ని కాలాల్లోనూ నన్ను స్మరిస్తూ యుద్ధం చెయ్యి’ అని అర్జునుడితో అంటాడు. పీట వేసుకుని తీరికగా కూర్చున్నవాడితో కాదు, చేయక తప్పని పని ముందు నిలబడినవాడితో చెప్పిన మాట అది. పుండ్లు పడకుండా రెండేసి గంటలకు ఒత్తిగిలిపడుకోబెట్టడం, పొలమారకుండా జావను చెంచాతో కొద్దికొద్దిగా పట్టడం, అర్ధరాత్రి లేచి దుప్పటి మార్చడం మీ వంతుకు వచ్చిన పనులు. వాటి నడుమ ఎప్పుడో ఒకసారి ‘స్వామీ’ అని నిట్టూర్చి ఉంటారు కదా? దాన్ని స్మరణ కాదని ఎవరనగలరు? పెళ్లైన కొత్తలో సాగిన పూజ పసిపిల్లల తల్లికి సాగదు, రోగి ఉన్న ఇంట్లో అసలే సాగదు. పూజ తీరు మారిందే తప్ప మీరు దూరమైనట్టు నాకు తోచడం లేదు.

కోపం విషయంలో నేలకొండపల్లి కంచర్ల గోపన్నను తలుచుకోండి. పాల్వంచ తహశీలుదారుగా ఉండి, వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించినందుకు గోల్కొండ చెరసాలలో పడ్డ ఆ రామదాసు, సీతమ్మకూ లక్ష్మణుడికీ చేయించిన నగల ఖర్చంతా లెక్కగట్టి, ఇది ఎవరి సొమ్మని ఇంత కులుకుతున్నావని రాముణ్నే నిలదీశాడు. అదే కీర్తన చివర, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని బతిమాలుకున్నాడు కూడా. ఆ తిట్లను మనం మూడు వందల ఏళ్లకు పైగా భక్తితోనే పాడుకుంటున్నాం. మీ కోపాన్ని దాచుకోకండి. ఆ గదిలోనే కూర్చుని ఆయనకే చెప్పండి. అత్తగారి బాధకు కారణం ఇదని మీకు చెప్పగలిగేటంత జ్ఞానం నాకు లేదు, ఎవరైనా కర్మఫలమని తేలిగ్గా తేల్చేస్తే ఆ మాట పట్టించుకోకండి.

పాత గంట పూజను ఇప్పుడే తలకెత్తుకోవద్దు. సాయంత్రం దీపం పెట్టి, కేశవ నామాలు 24 చెప్పుకుని లేవండి. కొన్నాళ్లు యాంత్రికంగానే ఉంటుంది, ఉండనివ్వండి. అంతకు మించి కూర్చోవాలని మీకే అనిపించిన రోజున కూర్చుందురు గాని.

ప్రశ్న: ఉద్యోగం ఉన్నన్నాళ్లు గుడి ముఖం చూడలేదు. అది పోయాక ప్రతి శనివారం వెళుతున్నాను. ఇది స్వార్థం కాదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: స్వార్థమే, అయినా సిగ్గుపడవలసినది కాదు. తనను సేవించే నలుగురిలో ఆర్తుణ్నీ (కష్టంలో ఉన్నవాణ్నీ), అర్థార్థినీ (సంపద కోరేవాణ్నీ) గీతలో కృష్ణుడే చేర్చి, వారందరూ ఉదారులేనన్నాడు. అసలు చిక్కు కష్టం తీరాకనే వస్తుంది. యుద్ధం ముగిసి, రాజ్యం దక్కి, కృష్ణుడు ద్వారకకు బయలుదేరుతుంటే, ఆపదలుంటేనే నీ దర్శనం దొరుకుతుంది కనుక అవే మళ్లీ మళ్లీ రానివ్వమని కుంతీదేవి వేడుకుందని భాగవతం చెబుతుంది. మనకు అంత గుండె లేదు, అలా కోరుకోనక్కరలేదు. అయితే మొక్కు తీర్చడంతో బాకీ చెల్లిపోయిందనుకుంటే మళ్లీ మొదటికి వస్తారు. కాబట్టి ఉద్యోగం వచ్చాక, మొక్కేదైనా ఉంటే తీర్చుకుని, ఆ తరువాతి శనివారం కూడా అదే గుడికి వెళ్లండి.