నెలగా ఇంట్లోనే ఉన్న పిల్లాడికి రోజూ పీడకలలు: ఏం చేయాలి?

కామెర్లతో నెలగా బడికి వెళ్లని మీ 15 ఏళ్ల అబ్బాయికి తెల్లవారుజామున పీడకలలు వస్తున్నాయనీ, వాటిలో స్నేహితులను పిలిచినా పలకనట్టు, ఇంటికి దారి తప్పినట్టు కనిపిస్తోందనీ బెంగళూరు నుంచి రాశారు. ముందు ఒకటి చూసుకోండి. పగలంతా మత్తుగా ఉండి రాత్రి మేలుకుంటున్నా, మాట తడబడుతున్నా, తికమకపడుతున్నా అది లివర్ సమస్య కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అవేవీ లేకపోతే నా అనుమానం నిద్రవేళల మీదే. కలలు బాగా వచ్చే ఆర్‌ఈఎం నిద్ర సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారేకొద్దీ దాని నిడివి పెరుగుతుంది. బడి ఉన్నప్పుడు పొద్దున్నే మోగే అలారం ఆ చివరి భాగాన్ని కోసేసేది. ఇప్పుడు అది పూర్తిగా దక్కుతోంది, మధ్యలో మెలకువ వస్తే కల గుర్తుండిపోతోంది. దానికి తోడు మనుషులకు దూరమైన బెంగ. 2020 లాక్‌డౌన్‌లో కూడా చాలామంది కలలు ఎక్కువగా గుర్తుంటున్నాయని చెప్పారు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ ‘ఇది ఏదో కీడుకే’ అనకుండా చూడండి. ఆ మాట విన్న పిల్లాడు పడుకోవడానికే జంకుతాడు.

రాత్రి త్వరగా పడుకోమని మాత్రం మొదలుపెట్టకండి. ఈ వయసులో ఒంట్లో గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. నిద్ర రాక దొర్లుతూ దిగులు పెంచుకుంటాడు. ముందు లేచే వేళ సరిచేయండి. రెండు రోజులకోసారి 15 నిమిషాలు ముందుగా లేపుతూ రండి, ఆదివారమైనా అదే వేళ. లేవగానే అరగంట బాల్కనీ వెలుతురులో కూర్చోబెట్టండి. జబ్బులో విశ్రాంతి కావాలి గానీ, కునుకు మధ్యాహ్నం 3 లోపు ముగియాలి. మొత్తం నిద్ర 8 నుంచి 10 గంటలు ఉండాల్సిందే, దాన్ని తగ్గించకండి.

ఒకే కల మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని పగటిపూట నోట్‌బుక్‌లో రాయించి, ముగింపు తనకు నచ్చినట్టు మార్చమనండి. కొత్త కథనే రోజూ ఓ 10 నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. ఇది రెండు చోట్ల చెడుతుంది: ముగింపు మనం చెప్పేయడం, అన్నిటికన్నా భయంకరమైన కలతో మొదలుపెట్టడం. తక్కువ భయపెట్టేదాన్ని ముందు తీసుకోండి.

రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా, నిద్రంటేనే భయపడుతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. చచ్చిపోవాలన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, వారాలు ఆగకండి. లివర్ దెబ్బతిని ఉన్నప్పుడు నిద్రమాత్ర ఏదీ, మెలటోనిన్ సహా, డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు.