డేటా ఆఫ్‌లో ఉన్న ఫోన్ పోతే దొరుకుతుందా?

ప్రశ్న: తొలకరి పడ్డాక మా ఊరివాళ్లతో కలిసి జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి పోయాం సార్. వంగి లేచే హడావుడిలో పైజేబులోంచి ఫోన్ ఎక్కడో జారిపోయింది. చార్జింగ్ మిగలాలని డేటా ఆపేసి ఉంచాను, పైగా సైలెంట్‌లో ఉంది. రింగ్ పోతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. నెట్ లేని ఫోన్‌ను పట్టుకునే దారి ఏదైనా ఉందా? (పత్తికొండ, కర్నూలు జిల్లా)

జవాబు: ఉంది. మీ ఉత్తరం నాకు చేరేసరికే దాని చార్జింగ్ అయిపోయి ఉంటుందేమోనన్నదే నా బాధ. అయినా ఈ సీజన్‌లో ఇదే అవస్థ పడేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. జీపీఎస్ ఉందిగా, నెట్ లేకపోయినా ఫోన్ ఎక్కడుందో తెలుస్తుంది కదా అని చాలామంది అనుకుంటారు. జీపీఎస్ శాటిలైట్ల నుంచి సిగ్నల్ అందుకుంటుందే తప్ప ఎవరికీ ఏమీ పంపదు. తానెక్కడుందో ఫోన్‌కు తెలుసు, ఆ కబురు మనకు చెప్పాలంటే మాత్రం దానికి నెట్ కావాలి. రింగ్ పోతోందంటే ఫోన్ ఆన్‌లోనే ఉంది. కాబట్టి చేయాల్సిందల్లా దానికి కాసేపు నెట్ అందించడం.

మీ ఫోన్‌లో వైఫై ఆన్‌లో ఉండి, ఇంతకుముందు ఎప్పుడైనా మీ స్నేహితుడి హాట్‌స్పాట్ వాడుకుని ఉంటే, అతన్ని వెంటబెట్టుకుని ఆ చేనుకే వెళ్లండి. హాట్‌స్పాట్ ఆన్ చేసి, మీరు తిరిగిన సాళ్ల వెంబడి మెల్లగా నడవమనండి. దగ్గరికి రాగానే మీ ఫోన్ దానంతటదే కనెక్ట్ అవుతుంది. హాట్‌స్పాట్ ఎప్పుడూ వాడలేదా? మీ ఇంటి వైఫైకి ఏ పేరు, ఏ పాస్‌వర్డ్ ఉన్నాయో అవే స్నేహితుడి హాట్‌స్పాట్‌కు పెట్టండి. పెద్దక్షరం, చిన్నక్షరం, సెక్యూరిటీ రకం అన్నీ ఒకేలా ఉండాలి. ఫోన్ అది ఇంటి వైఫై అనుకుని కలుస్తుంది. ఆ తర్వాత స్నేహితుడి ఫోన్‌లో, పోయిన ఫోన్లను వెతికే గూగుల్ ఫైండ్ హబ్ యాప్ తెరిచి, గెస్ట్‌గా మీ జీమెయిల్‌తో లాగిన్ అయి, సౌండ్ ప్లే చేయమనండి. సైలెంట్‌లో ఉన్నా ఫుల్ వాల్యూమ్‌లో ఐదు నిమిషాలు మోగుతుంది. 2025 మే దాకా దీని పేరు ఫైండ్ మై డివైస్, చాలామందికి ఇప్పటికీ ఆ పేరే నోట్లో ఉంది.

మీ చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటే ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. అందులో 'ఫైండ్ ఫోన్' నొక్కితే బ్లూటూత్ ద్వారానే ఫోన్ మోగుతుంది. బ్లూటూత్ పది మీటర్లకు మించి అందడం కష్టం కాబట్టి అది నొక్కుతూ చేనంతా తిరగాలి.

ఇవేవీ కుదరకపోతే పొద్దు గూకాక వెళ్లండి. కాల్ చేస్తూ చుట్టూ చూడండి. తడి నేలలో వైబ్రేషన్ వినిపించదు గానీ, స్క్రీన్ పైకి తిరిగి ఉంటే ఆ వెలుగు చీకట్లో దూరానికి కూడా కనిపిస్తుంది. పగటి ఎండలో ఆ స్క్రీన్‌నే పక్కన నిలబడినా గుర్తుపట్టలేం.

ఇక నెట్ లేని ఫోన్ల కోసమే గూగుల్ 2024లో ఒక ఏర్పాటు తెచ్చింది. మీ ఫోన్ బ్లూటూత్ సంకేతాలు పంపుతుంటుంది. పక్కగా పోయే ఇతర ఆండ్రాయిడ్ ఫోన్లు వాటిని అందుకుని, ఆ చోటును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే వేరేవాళ్లు చదవలేని రూపంలోకి మార్చి, గూగుల్‌కు చేరవేస్తాయి. ఆ ఫోన్ల వాళ్లకు ఏమీ తెలియదు. ఆపిల్‌లో ఇది 2019 నుంచే ఉంది, సామ్‌సంగ్‌లో 'ఆఫ్‌లైన్ ఫైండింగ్' పేరుతో ఉంటుంది. గూగుల్ దాంట్లో చిక్కేమిటంటే, మామూలుగా ఇది జనం రద్దీ ఉన్న చోట మాత్రమే పనిచేసేలా పెట్టి ఉంటుంది. ఒంటరి చేనులో ఒకటీ అరా ఫోన్ పక్కగా పోయినంత మాత్రాన లొకేషన్ రాదు. వజ్రాల వేటకు జనం గుమిగూడే జొన్నగిరి లాంటి చోట కాస్త ఆశ ఉంటుంది. మన పల్లెల్లో ఉండేవాళ్లు సెట్టింగ్స్‌లో ఫైండ్ హబ్‌కు వెళ్లి 'అన్ని ప్రాంతాల్లోనూ' అన్న ఆప్షన్ ఎంచుకోవడమే మంచిది. ఇది ఫోన్ చేతిలో ఉండగానే చేయాల్సిన పని.

సిమ్ బ్లాక్ చేయించాలా అన్నది అందరికీ వచ్చే సందేహం. పొలంలో జారిపోయిందని ఖాయంగా తెలిసి, రింగ్ పోతున్నంతసేపూ వెతకండి. సిమ్ ఆపేస్తే ఆ రింగ్ కూడా పోతుంది. స్విచాఫ్ అని వచ్చిందంటే మాత్రం ఆగకండి, వెంటనే సిమ్ బ్లాక్ చేయించి కింది జవాబులో చెప్పినట్టు చేయండి.

ప్రశ్న: అనంతపురం బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు ఎక్కుతుంటే ఫోన్ కొట్టేశారు. అప్పటి నుంచి స్విచాఫ్. ఐఎంఈఐ నంబర్ ఇస్తే లొకేషన్ చూపిస్తానని ఒక యాప్ 500 రూపాయలు అడుగుతోంది. కట్టమంటారా? (అనంతపురం)

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఐఎంఈఐ అంటే ఫోన్‌కున్న 15 అంకెల గుర్తింపు నంబర్, అంతే. అది ఏ టవర్ కింద ఏ సిమ్‌తో వాడుకలో ఉందో తెలిసేది టెలికం కంపెనీలకు. ఆ వివరం అడిగి తీసుకునే అధికారం పోలీసులకు ఉంది, ప్లేస్టోర్‌లోని యాప్‌కు లేదు. ఫోన్ పోయిన టెన్షన్‌లో ఉన్నవాళ్ల దగ్గర డబ్బు గుంజే ఇలాంటి యాప్‌లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మొదట సిమ్ బ్లాక్ చేయించండి. బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ ఆపించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చేయండి. తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి. ఆ కాపీతో, ఫోన్ బిల్లుతో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో, పోయిన ఫోన్లను ఐఎంఈఐతో బ్లాక్ చేసే సీఈఐఆర్ అనే విభాగంలో దరఖాస్తు పెట్టాలి. కేంద్ర టెలికం శాఖ నడిపే ఈ సదుపాయం 2023 మే నుంచి దేశమంతటా ఉంది, ఉచితం.

ఇక్కడ చాలామంది ఆగిపోయేది ఓటీపీ దగ్గర. పోయిన నంబర్‌కే డూప్లికేట్ సిమ్ తీసుకుంటే దానికి 24 గంటల దాకా ఎస్ఎంఎస్‌లు రావు. అది రూలే, మీ సిమ్ పాడు కాలేదు, మర్నాడు మళ్లీ ప్రయత్నించండి. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలు ఉంటాయి, రెండూ ఇవ్వండి. ఐఎంఈఐ రాసి ఉండే ఫోన్ డబ్బా పారేశారా? ఫైండ్ హబ్‌లో ఫోన్ పేరు పక్కనున్న గుర్తు నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది.

బ్లాక్ అయ్యాక ఏ నెట్‌వర్క్ సిమ్ వేసినా ఆ ఫోన్ పనిచేయదు. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన ఐఎంఈఐ మారదు. ఎవరైనా సిమ్ వేసి వాడబోతే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. మన జిల్లాల్లో ఎస్పీ ఆఫీసుల్లో మొబైల్ రికవరీ మేళాలు పెట్టి తిరిగిచ్చే ఫోన్లు ఇలా దొరికినవే. నెలలు పట్టొచ్చు, దరఖాస్తు చేసినప్పుడు వచ్చే రిక్వెస్ట్ ఐడీని జాగ్రత్తగా రాసి పెట్టుకోండి. ఫోన్ దొరికాక అన్‌బ్లాక్ చేయడానికి అదే కావాలి. ఇంకొక్క మాట, ఫైండ్ హబ్‌లో 'ఎరేజ్' తొందరపడి నొక్కకండి. ఫోన్ డేటా చెరిగిపోతే ఆ తర్వాత అందులో లొకేషన్ కనిపించదు.

ప్రశ్న: మా నాయనది కీప్యాడ్ ఫోన్. పెద్ద దర్గా ఉరుసుకు పోయినప్పుడల్లా ఎక్కడ పోగొట్టుకుంటాడోనని భయం. దానికి ఏం చేయొచ్చు? (కడప)

జవాబు: స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ వస్తుంది, ఇంట్లో రాసి పెట్టుకోండి. సీఈఐఆర్ కీప్యాడ్ ఫోన్లకూ వర్తిస్తుంది. మీ నంబర్ రాసిన చిన్న కాగితం ఫోన్ వెనక టేపుతో అంటించండి. జనంలో దొరికిన ఫోన్‌ను తిరిగిచ్చేద్దామనుకునే మనిషికి చార్జింగ్ అయిపోయినా పనికొచ్చేది అదొక్కటే. సిమ్‌కు పిన్ పెట్టొచ్చు గానీ పెద్దాయన మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయిపోతుంది, అందుకే నేను వద్దంటాను.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నా. దొంగ ఫోనేమోనని అనుమానం. (ఆదోని)

జవాబు: డబ్బులిచ్చే ముందే అంగట్లో నిలబడి చూసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ వేసి 14422కు మెసేజ్ పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే కొనకండి. బిల్లు లేకుండా అమ్ముతుంటే, మెసేజ్ బాగానే వచ్చినా కొనకండి. పోగొట్టుకున్నవాళ్లు ఇంకా ఫిర్యాదు చేసి ఉండకపోవచ్చు.