బయట చుక్క రక్తం లేదు, మెదడుకి దెబ్బ లేదన్నారు, మరి ప్రాణం మీదకి ఎలా వచ్చింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: పర్లాకిమిడి దగ్గర మీ బావమరిది బండి మీంచి పడ్డాడు, కణతకి దెబ్బ, పైకి చిన్న బొప్పి. లేచి టీ తాగాడు, ఫోన్‌లో మాట్లాడాడు. రెండు మూడు గంటల తర్వాత వాంతులు, మత్తు. శ్రీకాకుళం తీసుకెళ్తే స్కాన్ చూసి "ఎముకకీ పొరకీ మధ్య రక్తం చేరింది, మెదడు బాగానే ఉంది" అంటూనే ఆపరేషన్‌కి పరుగెట్టించారు. మెదడు బాగుంటే ఆ పరుగు దేనికి అన్నది మీ సందేహం.

డాక్టర్ చెప్పింది నిజమే. తెగింది మెదడు రక్తనాళం కాదు. మెడలో పైకి వెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. లోపలి కెరోటిడ్ మెదడుకి, బయటి కెరోటిడ్ ముఖానికీ నెత్తి చర్మానికీ. ఈ బయటి దాని కొమ్మ అయిన మాక్సిలరీ ధమని నుంచి మిడిల్ మెనింజియల్ ధమని పుడుతుంది. అది పుర్రె అడుగున ఫొరామెన్ స్పైనోసమ్ అనే చిన్న రంధ్రంలోంచి లోపలికొచ్చి, ఎముక లోపలివైపు పడిన గాడిలో పైకి పాకుతుంది. పోషించేది ఎముకనీ, దానికి లోపలివైపు అంటుకుని మెదడుని కప్పి ఉండే డ్యూరా పొరనీ మాత్రమే. అందుకే ఆపరేషన్‌లో దాన్ని కాల్చి మూసేసినా చెయ్యీ కాలూ పడిపోవు.

ఆ ధమని ముందు కొమ్మ సరిగ్గా కణత కింద నుంచి పోతుంది. చెంప ఎముక గట్టు మీంచి రెండు వేళ్ల వెడల్పు పైకి, కంటి బయటి గట్టు నుంచి బొటనవేలి వెడల్పు వెనక్కి వేలు పెట్టండి. ఫ్రాంటల్, పెరైటల్, టెంపోరల్, స్ఫినాయిడ్ ఎముకలు నాలుగూ కలిసే చోటు అది, పేరు టెరియాన్. పుర్రెలో బాగా పల్చని చోట్లలో ఒకటి. అక్కడ ఎముక బీటవారితే ఆ అంచే కింది ధమనిని కోసేస్తుంది.

ఇక బయట రక్తం సంగతి. "రక్తం బయటికి పోయింది, ఇక భయం లేదు" అన్న మాట మన వైపు ఇప్పటికీ వింటాం. బయట పోయే రక్తానికీ లోపలి దెబ్బకీ సంబంధమే లేదు. నెత్తి చర్మం కింది గట్టి పీచు పొర రక్తనాళాల నోళ్లని ముడుచుకోనివ్వదు, అందుకే చిన్న గాయానికే చొక్కా తడిసిపోతుంది. చర్మం చిట్లకుండా లోపల ఎముక విరగొచ్చు, చర్మం ఘోరంగా చిట్లినా ఎముక చెక్కుచెదరకపోవచ్చు.

ఎముక కింద మూడు పొరలు: గట్టి డ్యూరా, పల్చటి అరాక్నాయిడ్, మెదడు ముడతల్లోకి దిగి అంటుకున్న పయా. అరాక్నాయిడ్‌కీ పయాకీ మధ్య వెన్నుద్రవం తిరుగుతుంది. ఒక్కసారి ఉండేది సుమారు 150 మి.లీ., రోజుకి తయారయ్యేది 500 మి.లీ. దాకా. డ్యూరాకీ ఎముకకీ మధ్య మామూలుగా ఖాళీయే లేదు. ధమనిలోంచి ఒత్తిడితో చిమ్మే రక్తమే డ్యూరాని ఎముక నుంచి ఒలుచుకుంటూ చోటు చేసుకుంటుంది. ఎముకల అతుకుల దగ్గర డ్యూరా గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి అక్కడ సాధారణంగా ఆగి, లోపలికి ఉబ్బుతుంది. మీకు చూపించిన ఫిల్ములో రెండు వైపులా ఉబ్బిన తెల్లని మచ్చ అదే. ఇలా డ్యూరా పైన చేరిన గడ్డని ఎక్స్‌ట్రాడ్యూరల్ అన్నా ఎపిడ్యూరల్ అన్నా ఒకటే.

పెద్దవాళ్ల పుర్రె సాగదు. గడ్డ పెరిగే కొద్దీ మొదట వెన్నుద్రవం వెన్నులోకి జారుతుంది, సిరల్లోని రక్తం బయటికి పోతుంది. మీవాడు టీ తాగి మాట్లాడింది ఈ సర్దుబాటు నడిచినంత సేపే. అది అయిపోయాక ఇంకో నాలుగు చెంచాల రక్తం చేరినా ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. మెదడులో కణత వైపు ఉండే టెంపోరల్ భాగం లోపలి అంచు పక్కకి, కిందికి జరిగి, కంటిపాపని ముడిచే మూడో కపాల నరాన్ని నొక్కితే దెబ్బ తగిలిన వైపు కంటిపాప పెద్దదై వెలుతురుకి ముడుచుకోదు. ఎదుటి వైపు చెయ్యి, కాలు బలహీనపడతాయి. ఆ పైన బీపీ పెరిగి, నాడి నెమ్మదించి, ఊపిరి తప్పుతుంది. అక్కడిదాకా వస్తే నిమిషాలే. గడ్డ 30 మి.లీ. దాటితే మనిషి మెలకువగా ఉన్నా తియ్యమనే న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు చెబుతాయి. ఈ మధ్యలో తేరుకోవడం అందరిలో కనబడదు, కొందరు పడ్డ దగ్గర్నుంచీ లేవరు. తేరుకున్నవాడే మోసం చేస్తాడు, ఇంటికి పంపేది అతన్నే కదా.

తలకి గట్టి దెబ్బ తగిలితే మొదటి 24 గంటలు మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఒకటికి మించి వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, పొంతనలేని మాటలు, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్, కంటిపాపల్లో తేడా: వీటిలో ఏ ఒక్కటున్నా ఆలస్యం చెయ్యకుండా సీటీ స్కాన్. మందు వాసన వస్తోందని "తాగి పడుకున్నాడులే" అనుకోవద్దు. ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటి ద్రవం కారితే పుర్రె అడుగు విరిగి ఉండొచ్చు. దూది కుక్కకండి, ముక్కు చీదనివ్వకండి. గాయం రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదమండి. కింద ఎముక కుంగినట్టు తగిలితే మాత్రం దాని మీద నొక్కకూడదు. మత్తుగా ఉంటే నీళ్లు కూడా పట్టొద్దు. పక్కకి తిప్పాల్సి వస్తే మెడా ఒళ్లూ ఒకే వరసలో తిప్పండి. నొప్పికి ఆస్పిరిన్ వద్దు, నిద్రమాత్ర అసలే వద్దు.

పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకి అటు బరంపురమా ఇటు శ్రీకాకుళం, విశాఖలా అన్న తర్జనభర్జనలోనే గంట పోతుంది. దారి దూరం కంటే ముందు ఫోన్‌లో ఒక్క మాట అడగండి: ఇప్పుడు సీటీ నడుస్తోందా, న్యూరోసర్జన్ ఉన్నారా? రెండూ ఒకచోట లేని ఆసుపత్రికి వెళ్తే మళ్లీ బయల్దేరాల్సిందే. సరిహద్దు దాటితే మీ ఒడిశా ఆరోగ్య కార్డు చెల్లుతుందో లేదో తెలుసుకోవడం ఒకరికి అప్పగించి, రోగిని మాత్రం ఆపకండి.

ఇంట్లో ముసలివాళ్లుంటే ఇంకోటి. వాళ్లలో డ్యూరా ఎముకకి గట్టిగా అంటుకుపోతుంది కాబట్టి ఈ రకం అరుదు. కానీ మెదడు కాస్త కుంచించుకుపోయి, మెదడు నుంచి డ్యూరా సిరలకి వెళ్లే నాళాలు సాగి ఉంటాయి. స్నానాలగదిలో జారితే చాలు, తెగి డ్యూరా కింద మెల్లగా రక్తం ఊరుతుంది. ఇది సబ్‌డ్యూరల్, ఫిల్ములో నెలవంకలా కనిపిస్తుంది. సిర రక్తం కాబట్టి రెండు మూడు వారాల తర్వాత కూడా బయటపడొచ్చు: నడక తడబాటు, మతిమరుపు, పగటి నిద్ర. చాదస్తం అని వదిలేస్తారు, పడ్డ సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవాళ్లైతే చిన్న దెబ్బకి కూడా డాక్టర్‌కి ఆ మాత్రల పేర్లు చెప్పండి.

మీ బావమరిది విషయానికొస్తే, గడ్డ తీశాక డ్యూరాని ఎముక అంచులకి కుట్లతో బిగిస్తారు, మళ్లీ ఖాళీ ఏర్పడకుండా. తీసిన ఎముక పలకని మామూలుగా అప్పుడే తిరిగి అమరుస్తారు. డిశ్చార్జి కాగితం మీద ఎముక వెనక్కి పెట్టలేదని రాసి ఉంటే ఆ వైపు పడుకోనివ్వకండి, ఎప్పుడు అమరుస్తారో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఫిట్స్ మాత్రలు ఇచ్చి ఉంటే ఎన్నాళ్లో రాయించుకోండి, సొంతంగా ఆపొద్దు. స్కాన్ సీడీ మీ దగ్గరే ఉంచుకోండి, తర్వాత బరంపురంలో చూపించినా పాత గడ్డతో పోల్చి చూడ్డానికి అదే కావాలి.